జీరో బల్బూ, పన్నెండో పాయింటూ

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో ఒక మనిషితో పోట్లాడాలంటే చాలా ఓపిక ఉండాలి. ఇప్పటిలా కోపం వచ్చిన క్షణంలో నాలుగు ముక్కలు గిలికి పడేయడానికి కుదిరేది కాదు. ముందు ఫోను తీగ పీకి మోడెంకి తగిలించాలి. అది కాసేపు కీచుమని అరిచి, కాసేపు గొంతు సవరించుకుని, దాని మనసుకి వస్తే కలుస్తుంది, లేకపోతే మళ్లీ మొదటి నుంచీ. కలిశాక తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి కుక్కి రాయాలి. ఈలోగా పక్క గదిలో ఎవరైనా రిసీవర్ ఎత్తారో, రాసిందంతా గంగపాలు. ఇన్ని దాటుకుని కూడా ఒకడు పోట్లాడుతున్నాడంటే వాడిది ఉత్తుత్తి కోపం కాదు, సిసలైన ధర్మాగ్రహం అని అర్థం. నాది అలాంటిదే. ఆరేళ్లు దాటినా అందులో కొంత ఇంకా చల్లారలేదు. చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నేను గుడ్లవల్లేరులో మెకానికల్ డిప్లొమా చదివి, ఆ పైన ఏడాది కంప్యూటర్ కోర్సు చేసి, ఇరవై రెండో ఏట దివిసీమలో ఒక చిన్న డిగ్రీ కాలేజీకి ల్యాబ్ ఇన్‌చార్జిగా వెళ్లాను. మాది పెదపారుపూడి పక్క పల్లె. చుట్టూ వరిచేలు తప్ప సముద్రం గాలి తెలియని ఊరు. చేరిన రోజే ఆ ల్యాబులో సరిచేయాల్సినవన్నీ ఒక తెల్లకాగితం మీద వరస నంబర్లతో రాసుకున్నాను. పద్నాలుగు తేలాయి. పదమూడింటిని (కిటికీ రెక్క, ఎలుక కన్నం, గోడ మీద తప్పు పేర్లు రాసిన కీబోర్డు బొమ్మ వగైరా) రెండు వారాల్లో వదిలించాను. పద్నాలుగోది మాత్రం నా నిద్ర చెడగొట్టింది. అది బల్బులు.

కాలేజీ పుట్టినప్పటి నుంచీ ఉన్న అటెండర్ ఒకాయన ఉండేవాడు. అందరూ బాబాయి అనేవాళ్లు, నాకూ అదే అలవాటైంది. బాబాయి రోజూ సాయంత్రం మిషన్లన్నీ ఆపేశాక, ఒక్కో సీపీయూ పక్కన చిల్లులు పొడిచిన పాలపొడి డబ్బా పెట్టి, అందులో జీరో బల్బు వెలిగించి, రెండింటినీ కలిపి గుడ్డ ముసుగు కప్పి, అప్పుడు తాళం వేసుకుని వెళ్లేవాడు. ఎనిమిది సీపీయూలకి ఎనిమిది బల్బులు. తెల్లారి వచ్చి ఆపేవాడు. సెలవుల్లో కూడా ఇందుకోసమే సైకిలెక్కి వచ్చేవాడు.

"ఇదేంటి బాబాయ్?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"చెమ్మ పట్టకుండానండి. బందర్లో మా బావమరిది చెప్పాడండి. వాడు..."

"మీ బావమరిది ఏం చదువుకున్నాడు?"

"ఏడు తప్పాడండి."

"చూశావా," అన్నాను. (ఆ 'వాడు' తరవాత బాబాయి ఏం చెప్పబోయాడో వినాల్సింది. వినడం అనేది నా పద్నాలుగు పాయింట్లలో లేదు.)

నా బాధ ఒక్క వేడి గురించే కాదు. అసలు జీరో బల్బు అన్న మాటే నాకు ఒళ్లు మంట. సున్నా వాట్లు తీసుకునే బల్బు వెలగడానికి వీల్లేదు. అది పదిహేను వాట్లు తింటుంది. తింటూ సున్నా అని పేరు పెట్టుకుంటుంది. కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. జీరోది ఈ వరసైతే, దాని అన్నల్ని నలభై క్యాండిలు, అరవై క్యాండిలు అంటారు. క్యాండిల్ వెలుగుకి కొలత, వాట్ కరెంటు ఖర్చుకి కొలత, ఈ రెండూ ఒకటి కావు. ఈ ముక్కని బోర్డు మీద బొమ్మ గీసి మరీ బాబాయికి ఇరవై నిమిషాలు చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని శ్రద్ధగా విని, "అలాగేనండి. ఇంతకీ ఇవాళ జీరో బల్బులు వెయ్యనా, వద్దా అండీ?" అన్నాడు.

నాకు ప్రజామోదం కావాలనిపించింది. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే మా జిల్లా కుర్రాళ్లు కొందరు నడిపే చర్చావేదిక ఒకటి ఉండేది. అక్కడ అన్నీ పెద్ద గొడవలే. సీపీయూని నిలబెట్టాలా, పడుకోబెట్టాలా? ల్యాబులోకి చెప్పులతో వెళ్తే వైరస్ వస్తుందా? తెర మీద రిఫ్రెష్ పదిసార్లు కొడితే మిషన్ ఊపిరి పీల్చుకుంటుందా? (కొట్టక్కర్లేదు. ఒక్కసారి కూడా అక్కర్లేదు. దీని మీద వేరే తొమ్మిది పాయింట్లు రాశాను, ఎవరూ మారలేదు.) కాలేజీ మొత్తానికి నెట్ ఉన్నది ప్రిన్సిపాల్ గారి గదిలో ఉన్న మిషన్ ఒక్కదానికే. ఆయన భోజనానికి ఇంటికెళ్లిన గంటలో ఆయన కుర్చీలో కూర్చుని, 'సీపీయూకి బల్బు పెట్టే అజ్ఞానం' అని శీర్షిక పెట్టి ఏడు పాయింట్లు రాశాను. ఒకటి, ఎలక్ట్రానిక్ భాగాలకి వేడి శత్రువు. రెండు, లోపల ఫ్యాను పెట్టింది వేడి బయటికి తోలడానికే కదా, మళ్లీ బయట నుంచి వేడి పెట్టడం ఏమిటి? మూడు, గుడ్డ అంటుకునే ప్రమాదం. అలా ఏడు. చివర 'చదువుకున్నవాళ్లు ఆలోచించాలి' అని ముగించాను.

మర్నాడు భోజనాల వేళ తెరిచేసరికి జవాబు ఉంది. పేరు 'బందరు మావయ్య'.

"అల్లుడూ, పాయింట్లు బాగున్నాయి. చేతిరాత కనపడట్లేదు గానీ అదీ గుండ్రంగానే ఉంటుందని నా నమ్మకం. ఒక్కటే సందేహం. బల్బు వేసేది మిషన్ ఆపేశాక కదా? నువ్వేమో ఏడు పాయింట్లూ మిషన్ నడుస్తున్నప్పుడు వేసినట్టు రాశావు. ఇంతకీ మీదే ఊరు?"

సమాధానం ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చాను. మాది పెదపారుపూడి దగ్గర అని రాసి, ఊరికీ భౌతికశాస్త్రానికీ సంబంధం లేదని కూడా రాశాను.

"అదీ సంగతి. మీది వరిచేల గాలి, అల్లుడూ. ఇక్కడి గాలి నాలిక చాపితే ఉప్పగా తగులుతుంది. ఆ గాలిలో ఆపేసిన మిషన్ నాలుగు రోజులు చల్లగా పడుంటే ఇత్తడి కూడా చిలుం పడుతుంది."

"ఒకటి, గాలిని నాకడం శాస్త్రీయ పద్ధతి కాదు. రెండు, దయచేసి నన్ను అల్లుడు అనవద్దు. మీకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు."

"తొందరపడకు మరి. మా అమ్మాయి ఇంకా మూడో క్లాసే."

ఆ ఒక్క వాక్యంతో నా పరువు కృష్ణలో కలిసింది. అంతవరకూ నా వైపున్న హైదరాబాదు కుర్రాళ్లు కూడా ఆ రోజు నుంచి నన్ను అల్లుడుగారూ అనడం మొదలుపెట్టారు. "అల్లుడుగారి పాయింట్లు ఇవాళ ఇంకా దిగలేదేం?" అని ఒకడు. "మావయ్య మాట కాదంటే పండక్కి బట్టలు పెట్టడు మరి" అని ఇంకొకడు. విషయం ఆర్ద్రత గురించి, వీళ్ల మాటలు బట్టల గురించి. ఒక సాంకేతిక చర్చ ఇంతకన్నా దిగజారడానికి వీలుంటుందా? నేను మూడు వారాలు భోజనాలు మానేసి మరీ (క్యారేజీ కీబోర్డు పక్కనే ఉండేది, తెరిచేవాణ్ణి కాదు) జవాబులు రాశాను. ఒకరోజు తొమ్మిది పాయింట్లు పూర్తిచేసి పంపబోతుండగా, భోంచేసి పెందలాడే తిరిగొచ్చిన ప్రిన్సిపాల్ గారు అవతల ఆఫీసు గదిలో రిసీవర్ ఎత్తారు. ఇంటికి ఫోన్ చేసి, సాయంత్రానికి వంకాయా దొండకాయా అని కనుక్కోవడానికి. తొమ్మిది పాయింట్లూ పోయాయి. మర్నాడు మళ్లీ కూర్చుని, ఆ కోపాన్ని కూడా కలిపి పదకొండు రాశాను. చాలలేదనిపించింది. పన్నెండోది కూడా రాశాను.

'పన్నెండు. ఈ రోజు నుంచి నా ల్యాబులో ఒక్క బల్బు కూడా వెలగదు. ఈ వానాకాలం ముగిసేలోగా నా ఎనిమిది మిషన్లలో ఏ ఒక్కటి చెమ్మ వల్ల ఆగినా, ఇదే వేదిక మీద, అందరి ముందూ, మిమ్మల్ని నేనే మావయ్యగారూ అని పిలుస్తాను.'

మామూలుగా నాలుగు వాక్యాలు రాసే మనిషి ఆ రోజు రెండే రాశాడు. "సరే అల్లుడూ. పాలడబ్బాలు మాత్రం పారేయకు."

ఆ సాయంత్రమే బాబాయి చేత బల్బులన్నీ తీయించాను. "పరీక్షలున్నాయి కదండీ, అవి అయ్యాక తీద్దామా?" అన్నాడు. పరీక్షలంటే, ప్రాక్టికల్స్ ఒకసారి తప్పిన పదహారు మందికి దసరా సెలవులు కాగానే మళ్లీ పెట్టే పరీక్ష. ఈసారి కూడా తప్పితే ఆ పిల్లలకి ఏడాది పోతుంది. "వాళ్లు తప్పకుండా ఉండాలనే తీయిస్తున్నాను బాబాయ్, వేడి మిషన్లకి మంచిది కాదు," అన్నాను. ఎంత దయగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

దసరా సెలవులు పది రోజులు. అందులో ఏడు రోజులు ముసురు. మా ఇంటి వసారాలో కూర్చుని వేడి వేడి గారెలు తింటూ ఆ వానని చూశాను. నాకు ఏ అనుమానమూ రాలేదు. పైగా, కాలేజీ తెరిచాక రాయాల్సిన విజయ ప్రకటనకి ఒక కాగితం మీద ఐదు పాయింట్లు సిద్ధం చేసుకున్నాను.

పరీక్ష రోజు ఎనిమిదింటికే ల్యాబు తలుపు తీశాను. లోపల తడిబట్టల మూట విప్పిన వాసన. ముసుగులు జిగురు జిగురుగా ఉన్నాయి. సీపీయూ రేకు మీద వేలితో గీస్తే గీత పడింది. మొదటి మిషన్ స్విచ్ నొక్కాను. బీప్ అని ఒక పొడుగాటి కూత. ఆగింది. మళ్లీ అదే కూత. రెండోది లేచింది. మూడోది కూసింది. వరసగా నొక్కుకుంటూ వెళ్తే ఎనిమిదింటిలో ఆరు కూశాయి. ఆరూ ఒకే శ్రుతిలో.

ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోకి వచ్చారు. "ఏంటయ్యా ఆ కూతలు?"

"మెమరీ పనిచేయట్లేదండి."

"నీదా, వాటిదా?" అని ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశారు. "పది గంటలకి బందరు నుంచి ఎగ్జామినర్ గారు దిగుతారు. తెలుసుగా?"

తెలుసు. మెట్ల మీద పదహారు మంది రికార్డు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండటం కూడా నాకు కనపడుతూనే ఉంది. వాళ్లు మొదటిసారి ఎందుకు తప్పారో వాళ్లిష్టం. రెండోసారి నా పన్నెండో పాయింటు వల్ల తప్పితే?

నాకు తెలిసినవన్నీ చేశాను. తీగలు పీకి పెట్టాను, ఆపి వేశాను, ఊదాను. (ఊదకూడదు, నోటి తడి తగులుతుంది. అది ల్యాబు గోడ మీద నేనే రాసి అంటించిన నియమాల్లో నాలుగోది.) ఎనిమిదిన్నరకి ప్రిన్సిపాల్ గారి గదిలోకి పరుగెత్తాను. ఆయన మిషన్ మాత్రం నొక్కగానే లేచింది. ఎందుకు లేవదు? సెలవుల్లో కూడా ఆయన రోజూ వచ్చి రెండు గంటలు పేకముక్కల ఆట ఆడుకున్నారు. అది పది రోజులూ వెచ్చగా ఉంది. నా పన్నెండు పాయింట్లకీ వ్యతిరేక సాక్ష్యం నా ఎదురుగా మెరుస్తోంది.

మోడెం అరిచి, గొంతు సవరించుకుని, ఆ రోజు మొదటిసారికే కలిసింది. చర్చావేదిక తెరిచాను. సముద్రం మీదికెళ్లే వాళ్ల కోసం వాతావరణం చూసి చెప్పడానికని ఆయన పొద్దున పూట నెట్‌లో ఉంటారని పాత జవాబుల్లో చదివాను. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఏమని మొదలుపెట్టాలి? 'సార్' అని కొట్టి చెరిపాను. 'అయ్యా' అని కొట్టి చెరిపాను. వెనక ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు.

"ఎవరికయ్యా రాస్తున్నావు?"

గడియారం వైపు చూశాను. "మా మావయ్యకండి," అన్నాను.

'మావయ్యగారూ' అని కొట్టి, కింద రాశాను. ఒకటి, ఆరు మిషన్లు లేవట్లేదు. రెండు, ఒక పొడుగు కూత, ఆగి మళ్లీ అదే. మూడు, పదింటికి పరీక్ష. నాలుగు, పదహారు మంది. నాలుగుతో ఆపేశాను. నా జీవితంలో అంత చిన్న జాబితా అంతకుముందు రాయలేదు.

ఆరో నిమిషంలో జవాబు వచ్చింది. "అల్లుడూ, గెలుపు ఓటములు తరవాత. కరెంటు తీగ పీకి, ముందు రేకు ముట్టుకుని, మెమరీ చీటీ బయటికి లాగు. బంగారు రంగు పళ్లుంటాయి. పెన్సిల్ తుడిచే రబ్బరుతో వాటిని మెల్లగా, ఒకే వైపుకి రుద్దు. పొడి గుడ్డతో తుడిచి పక్కన పెట్టు. తరవాత మూత తీసిన మిషన్ పక్కన గంటసేపు బల్బు. ఆపైన చీటీ పెట్టి నొక్కు. బల్బులు మీ బాబాయి దగ్గర ఉన్నాయి."

చివరి వాక్యం నేను రెండుసార్లు చదివాను. తలెత్తి చూస్తే గుమ్మంలో బాబాయి. చంకలో అట్టపెట్టె, అందులో న్యూస్‌పేపర్లో చుట్టిన ఎనిమిది పాలడబ్బాలు.

"తీసేయమన్నారు గానీ పారేయమనలేదు కదండీ," అన్నాడు. "మా బావమరిది ఫోన్ చేసి, దాచి ఉంచు బావా, అవసరం పడుద్ది అన్నాడండి. వాడు హార్బర్లో బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాడండి, ఆరోజు చెప్పబోతే మీరు ఏం చదివాడని అడిగారు." అట్టపెట్టె బల్ల మీద దించి, "మీరు రాసినవన్నీ వాడు నాకు ఫోన్లో చదివి వినిపించేవాడండి. పన్నెండోది బాగా రాశారు సార్," అన్నాడు.

పాలడబ్బాల గురించి నేను ఆ వేదిక మీద ఎక్కడా ఒక్క ముక్క రాయలేదని అప్పుడు తట్టింది నాకు.

సిగ్గుపడటానికి టైము లేదు. ఫ్లోచార్టులు గీసుకునే పిల్లలు కాబట్టి పదహారు మంది దగ్గరా రబ్బర్లున్నాయి. 'లోపలి భాగాలను విద్యార్థులు తాకరాదు' అని నేనే అంటించిన కాగితం కింద కూర్చుని, ఆ విద్యార్థులే రబ్బరు పెట్టి రుద్దారు. నాగాయలంక నుంచి వచ్చే అమ్మాయి ఒకతె, "మా ఇంట్లో రేడియోకి కూడా ఇలాగే చేస్తారు సార్, మీకు తెలీదా?" అంది. తెలీదన్నాను. పది గంటలకి ఎగ్జామినర్ గారు వచ్చేసరికి మూతలు తీసిన ఆరు సీపీయూల పక్కన ఆరు పాలడబ్బాలు చిల్లుల్లోంచి ఎర్రగా వెలుగుతున్నాయి. ఆయన చెప్పులు బయట విడిచి, చేతులు జోడించబోయి, "ఇదేంటండీ, ఆయుధపూజ మొన్ననే అయిపోయిందిగా?" అన్నారు.

"మా ల్యాబు పద్ధతండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు, నా వైపు చూడకుండా. "ఈలోగా కాఫీ తాగుదాం రండి."

పదింపావుకి నొక్కితే ఆరింటిలో ఐదు లేచాయి. ముందు లేచిన రెండింటితో కలిపి ఏడు. పిల్లల్ని మూడు జట్లుగా కూర్చోబెడితే పరీక్ష సాయంత్రం దాకా సాగింది. పదహారు మందిలో పద్నాలుగు మంది గట్టెక్కారు. మిగతా ఇద్దరూ పూర్తిగా సొంత కారణాల వల్ల తప్పారు. ఆ విషయం నేను విడిగా విచారించి నిర్ధారించుకున్నాను.

ఆ ఆదివారం ఇంటికెళ్లి అటక మీద నుంచి డిప్లొమా నోట్సు దింపాను. చలువ యంత్రాల పాఠంలో, నా గుండ్రటి చేతిరాతలో, కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీసి మరీ ఉంది. 'మూసిన చోట గాలిని కొద్దిగా వేడిచేస్తే అందులోని నీరు తగ్గదు. కానీ ఆ గాలికి చెమ్మని పట్టి ఉంచే శక్తి పెరుగుతుంది, కనుక లోహం మీద తడి చేరదు.' ఈ ప్రశ్నకి నాకు పదికి పది వచ్చాయి. ఏడు తప్పిన మనిషి బోటులో కూర్చుని తెలుసుకున్నది, నేను పదికి పది తెచ్చుకుని అటకెక్కించాను. ఆ సంగతి కూడా వేదిక మీద ఒప్పుకుని రాశాను. ఆయన జవాబు మామూలే. "చేతిరాత గుండ్రంగా ఉంటుందన్నానా, లేదా?" (అయినా మూడో పాయింటు, గుడ్డ అంటుకునే ప్రమాదం, సరైనదే. దాన్ని నేను ఈనాటికీ వెనక్కి తీసుకోలేదు.)

ఇప్పుడు గుడివాడలో ఉంటున్నాను. ఇక్కడి గాలిలో ఉప్పు లేకపోయినా, మొన్నటి వానలకి నా పాత మిషన్ పక్కన పెట్టడానికి బల్బు కొందామని బస్టాండు దగ్గర షాపుకి వెళ్లాను. కుర్రాడు తెల్లటి మెలికల బల్బు చేతిలో పెట్టాడు. "ఇది అసలు వేడెక్కదండి, గ్యారంటీ."

"వేడెక్కేదే కావాలి బాబూ. జీరో బల్బు."

"జీరో బల్బులు ఇప్పుడెవరు వాడుతున్నారండీ," అన్నాడు జాలిగా. ఆరు షాపులు తిరిగితే ఏడో షాపులో, దుమ్ము పట్టిన రెండు దొరికాయి. ఒళ్లు మండి, వెలుగు ఒక్కటే చూసి వేడిని మర్చిపోతున్న ఈ కాలం మీద ఆ రాత్రే అదే వేదికలో నాలుగు మాటలు రాశాను. పొద్దునకల్లా కొత్త కుర్రాడెవరో జవాబిచ్చాడు. 'అంకుల్' అని మొదలుపెట్టి, సీపీయూకి బల్బు పెట్టడం ఎందుకు అజ్ఞానమో పదమూడు పాయింట్లు, వరస నంబర్లతో. పదమూడూ మిషన్ నడుస్తున్నప్పుడు బల్బు వేసినట్టే రాశాడు. చదువుతూ చదువుతూ నాకు చాలా కోపం వచ్చింది. ఐదో పాయింటు దగ్గర మాత్రం, ఆ రోజుల్లో తెరవని క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక బక్క కుర్రాడు గుర్తొచ్చాడు. వీడు కూడా ఆకలితో ఉంటాడు పాపం అనిపించింది.

కీబోర్డు ముందుకి లాక్కుని, 'అల్లుడూ, పాయింట్లు బాగున్నాయి. ఇంతకీ మీదే ఊరు?' అని రాశాను.